మన పదహారేళ్ల వాళ్లకు అంతరిక్షంలో ఒక చేదు నవ్వు కావాలి

తెలుగువాళ్లు అంతరిక్షానికి వెళ్లడం ఇప్పుడు వింతేమీ కాదు. బండ్ల శిరీష 2021 జూలై 11న రిచర్డ్ బ్రాన్సన్ బృందంతో దాని అంచు దాకా వెళ్లొచ్చారు. తెలంగాణ మూలాలున్న రాజాచారి అదే ఏడాది నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లి దాదాపు ఆరు నెలలు పనిచేశారు. విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ నౌకలో పర్యాటకుడిగా పది నిమిషాల ప్రయాణం చేశారు. దేశపు రాకెట్లు లేచేదే మన శ్రీహరికోట నుంచి. ఇంత జరిగినా, అంతరిక్షంలో చిక్కుకుపోయి, భయపడి, ఆ భయాన్ని వెటకారంగా మార్చుకుని రోజులు నెట్టుకొచ్చే పదహారేళ్ల తెలుగు పాత్ర ఏదంటే చప్పున ఒక్క పేరు చెప్పలేం. ఇంగ్లిషు పుస్తకాల షాపులో ఆ తరహా నవలలకు ప్రత్యేకంగా ఒక అర ఉంటుంది. టీనేజి పాఠకుల కోసం రాసినవి, రోదసిలో జరిగేవి, నవ్విస్తూ నవ్విస్తూనే గుండె గతుక్కుమనిపించేవి. అలాంటిది మనకు లేకపోవడం వల్ల ఒక తరం తన బతుకును తన భాషలో చదువుకునే అవకాశం పోగొట్టుకుంటోంది. ఆ తరాన్ని చూడాలంటే బెంగళూరు దక్షిణాన ఉన్న బొమ్మనహళ్ళి దాకా వెళ్తే చాలు.

హోసూరు రోడ్డు మీద, సిల్క్ బోర్డు కూడలికీ ఎలక్ట్రానిక్ సిటీకీ మధ్య ఉన్న బొమ్మనహళ్ళి 2007 దాకా విడిగా ఒక పురపాలక సంఘం. ఆ ఏడాది బృహత్ బెంగళూరు మహానగర పాలికెలో కలిసింది. ఒక పక్క సాఫ్ట్‌వేర్ కంపెనీలకు వెళ్లే కుర్రకారు ఉండే పీజీలు, ఇంకో పక్క గార్మెంట్ ఫ్యాక్టరీలు, వాటి నడుమ చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు. ఇక్కడ భవిష్యత్తు ఫ్లెక్సీల మీద నిండుగానూ వీధిలో అరకొరగానూ కనిపిస్తుంది. బొమ్మనహళ్ళి మీదుగా పోయే మెట్రో ఎల్లో లైన్ 2025 ఆగస్టు 10న మొదలైంది. డ్రైవరు లేకుండా నడిచేలా తయారైన రైళ్లు. కానీ మొదలుపెట్టిన నాటికి చేతిలో ఉన్నవి మూడే, ఇరవై ఐదు నిమిషాలకు ఒకటి. 2024 వేసవిలో నగరంలో వేల బోర్లు ఎండిపోయాయి, తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. కృత్రిమ మేధకు పాఠాలు చెప్పే ఇంజినీరు నీళ్ల ట్యాంకరు డ్రైవరును ఫోన్లో బతిమాలుకున్న కాలమది. అంతకుముందు, 2016 ఏప్రిల్‌లో, భవిష్య నిధిలో యజమాని వాటా సొమ్ము 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోవడానికి వీల్లేదని కేంద్రం పెట్టిన నిబంధనకు నిరసనగా, గార్మెంట్ కార్మికులు, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్లు, బొమ్మనహళ్ళి దగ్గర హోసూరు రోడ్డెక్కి రాకపోకలు ఆపేశారు. ఏప్రిల్ 19న కేంద్రం ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది. నలభై దాటాక మిషను ముందు కూర్చోనిస్తారో లేదో తెలియని మనిషికి నీ డబ్బు 58వ ఏట ఇస్తాంలే అని చెప్పడం కన్నా పదునైన వ్యంగ్యం ఏ రచయిత రాయగలడు?

ఇలాంటి చోట పెరిగే పిల్లల అనుభవాన్ని మామూలు వాస్తవిక కథలో పెడితే అది కష్టాల చిట్టా అయిపోతుంది. స్ఫూర్తినిచ్చే కథలో పెడితే అబద్ధమవుతుంది. చేదు హాస్యం కలిసిన సైన్స్ ఫిక్షన్‌కు ఈ రెండు చిక్కులూ లేవు. ఎం.టి. ఆండర్సన్ 2002లో రాసిన ‘ఫీడ్’ అనే అమెరికన్ టీనేజి నవల ఇందుకు గట్టి సాక్ష్యం. అందులో కుర్రాళ్లు సెలవులకు చంద్రుడి మీదికి వెళ్తారు, వెళ్లీ వెళ్లగానే విసుక్కుంటారు. వాళ్ల మెదళ్లలో పుట్టినప్పటి నుంచీ ఒక యంత్రం ఉంటుంది, అది ఎప్పుడూ ప్రకటనలు వినిపిస్తూనే ఉంటుంది. ఒంటి మీద పుండ్లు లేస్తే అదీ ఫ్యాషనే. వయొలెట్ అనే అమ్మాయి, తనేం కొంటుందో కంపెనీకి అంతుచిక్కకూడదని, సంబంధం లేని వస్తువులన్నిటి మీదా ఆసక్తి చూపిస్తూ ఆటపట్టిస్తుంది. తర్వాత ఆమె తలలోని యంత్రం పాడవుతుంది, ప్రాణం మీదికొస్తుంది. మరమ్మతు ఖర్చు పెట్టుకోవడానికి కంపెనీ ఒప్పుకోదు. కారణం, ఆమె నమ్మదగిన కొనుగోలుదారు కాదట. ఫేస్‌బుక్ రాకముందు, ఐఫోన్ రాకముందు వచ్చిన నవల ఇది. పెద్దల విశ్లేషణలు ఇరవై ఏళ్ల తర్వాత చెప్పిన సంగతిని పదహారేళ్ల పాఠకుడికి అప్పుడే నవ్విస్తూ చెప్పేసింది. అంతకు చాలా ముందే, 1978లో బీబీసీ రేడియో నాటకంగా మొదలై మరుసటి ఏడాది నవలైన డగ్లస్ ఆడమ్స్ ‘హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’లో, గ్రహాల మధ్య బైపాస్ వేయడానికి అడ్డొస్తోందని భూమినే కూల్చేస్తారు. అభ్యంతరాలుంటే ముందే చెప్పాల్సింది, ప్లాన్లు పక్క నక్షత్రం ఆఫీసులో యాభై ఏళ్లుగా అతికించే ఉన్నాయి కదా అంటారు. ఏళ్ల తరబడి నోటిఫికేషన్ల మధ్యే నలిగిన పెరిఫెరల్ రింగ్ రోడ్డు కింద భూమి పోతుందో పోదో తెలియక తిరిగిన బెంగళూరు రైతుకు ఈ జోకు అర్థం చేయించడానికి గెలాక్సీ పరిజ్ఞానమేమీ అక్కర్లేదు.

ఈ చేదు నవ్వుకు అంతరిక్షమే ఎందుకు, బొమ్మనహళ్ళి వీధే చాలదా అని ఎవరైనా అడగొచ్చు. అంతరిక్షంలో ప్రతి తప్పూ పెద్దదవుతుంది, తప్పు చేసిన వ్యవస్థ మాత్రం మామూలు వ్యవస్థే. ఆ రెంటి మధ్య ఎడంలోంచే నవ్వు పుడుతుంది. దీనికి కల్పన దాకా పోనక్కర్లేదు, చరిత్రే చాలు. 1999 సెప్టెంబరులో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడిని చేరుతూనే నాశనమైంది. కాంట్రాక్టు సంస్థ సాఫ్ట్‌వేర్ లెక్క పౌండ్లలో ఇచ్చింది, నాసా దాన్ని న్యూటన్లనుకుంది. యూనిట్లు రాయలేదని అర మార్కు కోసే ఇంటర్మీడియట్ ఫిజిక్స్ లెక్చరరు నాసాలో లేకపోయాడు. 2024 జూన్ 5న ఎనిమిది రోజుల పని మీద స్టార్‌లైనర్‌లో వెళ్లిన సునీతా విలియమ్స్, బుచ్ విల్‌మోర్ తిరిగి నేల మీదికి వచ్చింది 2025 మార్చి 18న, అంటే 286 రోజులకు. రెండు వారాల ఆన్‌సైట్ పని ఆరు నెలలకు సాగిన అనుభవం ఉన్న ఇళ్లు బెంగళూరులో ఎన్నో, వాళ్లకు ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు. మరీ వెనక్కి వెళ్తే లైకా ఉంది. 1957 నవంబరు 3న ఆ కుక్కను తిరిగి తెచ్చే ఏర్పాటే లేకుండా పంపారు. రోజుల తరబడి బతికిందని అప్పట్లో చెప్పారు. వేడికి తాళలేక కొన్ని గంటల్లోనే చనిపోయిందన్న నిజం 2002లో గానీ బయటికి రాలేదు. వీటిని విజయగాథల మధ్య ఇరికించి చెప్తే పిల్లలకు సగమే తెలుస్తుంది. నవ్వుతూ చెప్తే మిగతా సగం వాళ్లే అడుగుతారు.

పైగా అంతరిక్ష నౌక లోపలి బతుకు ఇక్కడి కుర్రాళ్లకు కొత్తదేమీ కాదు. అది అచ్చం ఒక పీజీ. నలుగురు అపరిచితులకు ఒకే గది, గాలి లెక్క, నీళ్లు లెక్క, తిండి ఎవరో నిర్ణయించిన మెనూ, అద్దె గురించి అడిగితే రూల్స్ కాగితం చూపించే యజమాని. అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాముల చెమట, శ్వాసలోని తేమ, మూత్రం కలిపి 98 శాతం నీటిని తిరిగి వాడుకోగలుగుతున్నామని 2023లో నాసా ప్రకటించింది. శుద్ధి చేసిన నీళ్లు ఫ్లష్‌కు వాడాలా వద్దా అని అపార్టుమెంటు సంఘం మీటింగుల్లో అరుచుకునే ఊళ్లో పెరిగిన పిల్లకు ఆ వార్తలోని శాస్త్రమూ తెలుస్తుంది, అందులోని హాస్యమూ తెలుస్తుంది. కక్ష్యలో తిరిగే బట్టల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద చేరిన పదిహేడేళ్ల అమ్మాయి, తన ఆక్సిజన్ బిల్లు భవిష్య నిధిలోంచి కోతపడుతోందని తెలిసిన రోజు ఏం చేస్తుంది? ఈ ప్రశ్న అడగడానికి రచయితకు హ్యూస్టన్ తెలియనక్కర్లేదు. హోసూరు రోడ్డు తెలిస్తే చాలు.

ఇదంతా పడమటి సరుకు, మన ఒంటికి సరిపడదు అనేవాళ్లకు మన సాహిత్యమే జవాబు. విశ్వనాథ సత్యనారాయణ ‘హాహా హూహూ’లో గుర్రపు తల ఉన్న గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వచ్చి పడతాడు. సంస్కృతం మాట్లాడే ఆ జీవిని అక్కడి పండితులు, శాస్త్రజ్ఞులు ఏం చేయాలో తెలియక బోనులో పెట్టి పరీక్షిస్తారు. మరో లోకపు ప్రాణి భూమ్మీద దిగడం, దిగినవాడి కళ్లతో మనుషులు వింత జంతువుల్లా కనిపించడం సైన్స్ ఫిక్షన్‌కు ఆయువుపట్టు. దాన్ని సంప్రదాయవాదిగా పేరుపడ్డ మహాకవే నవ్వుతూ రాశారు. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1924 నాటిది. ఇంట్లో చెప్పకుండా మొగల్తూరు నుంచి బయల్దేరి, రైలూ ఓడా ఎక్కి, ఏ నియమమూ తెలియని లోకంలో దిగిన కుర్రాడి కథ. ఆ ఓడ స్థానంలో రోదసి నౌకను పెట్టి చూడండి, టీనేజి అంతరిక్ష నవలకు కావలసిన నిర్మాణం సగం సిద్ధంగా ఉంది. ఇక చేదు సంగతి. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లో ప్రేక్షకుడు కడుపుబ్బ నవ్వుతున్నంతసేపూ వేదిక మీద జరుగుతున్నది ఒక పసిపిల్ల బేరం. రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘ఆరు సారా కథలు’ కోర్టులూ పోలీసులూ సారా వ్యాపారమూ కలిసి పేదవాడిని ఎలా నమిలేస్తాయో నవ్విస్తూ చూపించాయి. డార్క్ కామెడీ అనే ఇంగ్లిషు పేరు మనకు కొత్త కావచ్చు, ఆ విద్య మనకు పాతదే.

అయితే లోపం ఎక్కడ? మధ్య మెట్టులో. 1947లో మొదలై తరాల పిల్లలను చదివించిన చందమామ ఆగిపోయింది. అది ఉన్నన్నాళ్లూ పన్నెండేళ్ల దాకా కథలకు కొదవ లేదు. ఆపైన తెలుగు పాఠకుడు ఒక్క దూకులో పెద్దల నవలలోకి వెళ్లాల్సి వచ్చింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘చీకట్లో సూర్యుడు’ లాంటివి అంతరిక్షాన్ని పాపులర్ నవలలోకి తెచ్చాయి గానీ అవి టీనేజి పిల్లల సొంత గొంతుతో నడిచేవి కావు. మహీధర నళినీమోహన్ సైన్సును చమత్కారంగా చెప్పారు, అది వ్యాసం, కల్పన కాదు. సినిమా కాస్త ముందుంది. సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ 1991లోనే కాలయంత్రంతో కామెడీ చేసింది. కానీ 2018 నాటి ‘అంతరిక్షం’ వచ్చేసరికి రోదసి అంటే గంభీరమైన దేశసేవ అయిపోయింది. మన పురస్కారాల తీరులోనూ ఇదే లోటు. కేంద్ర సాహిత్య అకాదెమీ యువ పురస్కారం 35 ఏళ్ల లోపు రచయితలకు ఇస్తారు, అక్కడ లెక్కలోకి వచ్చేది రాసేవారి వయసు. బాల సాహిత్య పురస్కారం పిల్లల పుస్తకాలకు. పదహారేళ్ల పాఠకుణ్ణి దృష్టిలో పెట్టుకుని రాసిన పుస్తకానికి విడిగా ఒక గౌరవం లేదు. గౌరవం లేనిచోట ప్రచురణకర్తకు ధైర్యం చాలదు, రచయితకు ఆలోచనే రాదు.

ఈ వాదన మీద వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనది ఒకటుంది. పరీక్షలు, ర్యాంకులు, ఒంటరితనం కలిసి పిల్లలను ఇప్పటికే నలిపేస్తున్నాయి, పరీక్షా ఫలితాలు వచ్చిన ప్రతిసారీ గుండె పగిలే వార్తలు చదువుతున్నాం, ఇలాంటి సమయంలో చావునూ నిరాశనూ నవ్వులాటగా చూపే పుస్తకం చేతికివ్వడం ప్రమాదం కాదా? ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ప్రాణం తీసుకోవడాన్ని జోకు చేసే పుస్తకం పిల్లలకు అక్కర్లేదు, అది చేదు హాస్యం కూడా కాదు, మోటుతనం. తేడా అంతా నవ్వు ఎవరి మీద అన్నదాంట్లో ఉంది. ‘ఫీడ్’ వయొలెట్‌ను చూసి నవ్వదు, ఆమె ప్రాణానికి కొనుగోలు లెక్కలతో వెల కట్టిన కంపెనీని చూసి నవ్వుతుంది. ‘కన్యాశుల్కం’ పిల్లను చూసి నవ్వదు, డబ్బిచ్చి ఆమెను పెళ్లాడబోయిన ముసలి లుబ్ధావధాన్లను చూసి నవ్వుతుంది. నిరాశలో ఉన్న పిల్లవాడు తప్పు తనలోనే ఉందనుకుంటాడు. ఆ తప్పులో వ్యవస్థకూ పెద్ద వాటా ఉందని, అది తనకొక్కడికే కాదు మరెంతోమందికి కనిపిస్తోందని చూపించే నవల అతని ఒంటరితనాన్ని కొంతైనా తగ్గిస్తుంది. అన్నీ బాగవుతాయని పదే పదే చెప్పే పుస్తకం అతనికి మరో పెద్దమనిషి ఉపన్యాసంలా వినిపిస్తుంది. పుస్తకం వైద్యానికి బదులు కాదు, సాయం కావాల్సిన పిల్లలకు మనుషులే కావాలి. అయినా చీకటిని దాచిపెట్టిన పుస్తకాలు వాళ్లను కాపాడిన దాఖలా లేదు.

రెండో అభ్యంతరం దేశభక్తిది. ఇస్రో మనకు గర్వకారణం, దాని చుట్టూ వెటకారం దేనికి? దీనికి ఇస్రో చరిత్రే సమాధానం చెబుతుంది. 1975 ఏప్రిల్ 19న ఎగిరిన ఆర్యభట్టను బెంగళూరు పీణ్యలోని పారిశ్రామిక షెడ్లలో తయారుచేశారు. చోటు చాలక ఒక మరుగుదొడ్డిని సమాచారం అందుకునే కేంద్రంగా మార్చుకున్నారని ఆ ప్రాజెక్టు నడిపిన యు.ఆర్. రావు స్వయంగా చెప్పుకున్నారు. కొద్ది రోజులకే విద్యుత్ సమస్యతో ఉపగ్రహంలోని ప్రయోగాలు ఆగాయి. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన తొలి ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడింది, మరుసటి ఏడాది జూలై 18న అదే రాకెట్ గెలిచింది. 1981లో యాపిల్ ఉపగ్రహాన్ని పరీక్ష కోసం ఎద్దుల బండి మీద తీసుకెళ్లారు, లోహపు వాహనమైతే కొలతలకు అడ్డొస్తుందని. ప్రయోగానికి ముందు రాకెట్ నమూనాను తిరుమల వెంకన్న దగ్గర పెట్టి దండం పెట్టుకోవడం ఇప్పటికీ ఉంది. వీటిని చూసి నవ్వుకున్నంత మాత్రాన ఆ శాస్త్రజ్ఞులు చిన్నబోరు. తడబాటు, పేదరికం, మొండితనం కలిసిన ఆ కథే 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగిన విక్రమ్ దాకా వచ్చింది. గర్వాన్ని మాత్రమే నేర్చుకున్న పిల్లవాడు మొదటి ఓటమికే కుంగిపోతాడు. ఎద్దుల బండి కథ తెలిసినవాడు ఇంకో ప్రయత్నం చేస్తాడు.

మూడోది మార్కెట్ మాట. బొమ్మనహళ్ళి పిల్లలకు తెలుగు చదవడమే సరిగ్గా రాదు, బడిలో కన్నడం, ఇంగ్లిషు, ఇంట్లో ఫోను, ఇక ఎవరు కొంటారు? కర్ణాటకలో 2015 చట్టం ప్రకారం బడిలో కన్నడం తప్పనిసరి, అది సబబే, ఉన్న ఊరి భాష నేర్చుకోవాల్సిందే. 2011 జనగణనలో ఆ రాష్ట్రంలో తెలుగు మాతృభాషగా నమోదు చేయించుకున్నవాళ్లు దాదాపు 6 శాతం. బడిలో చోటు లేని భాష ఇంట్లో మిగలాలంటే వ్యాకరణం బోధిస్తే మిగలదు, ఇష్టమైనదేదో ఆ భాషలోనే దొరికితే మిగులుతుంది. తెలుగు పాఠ్యపుస్తకం ఇవ్వలేనిది టీనేజి నవల ఇవ్వగలదు, ఎందుకంటే అది బొమ్మనహళ్ళి పిల్లలు నిజంగా మాట్లాడే తెలుగులో, కన్నడమూ ఇంగ్లిషూ కలిసిన తెలుగులో, మొహమాటం లేకుండా నడవగలదు. ఇంగ్లిషులో ఎలాగూ దొరుకుతున్నాయి కదా అనొచ్చు. దొరుకుతున్నాయి, వాటిలో చంద్రుడి మీద విసుగు ఉంటుంది. నెల జీతంలో సగం ఊరికి పంపే అక్క, వీడియో కాల్‌లో తిన్నావా అని తప్ప మరేమీ అడగలేని నాన్న, కులం అడిగి గది ఇచ్చే యజమాని ఉండరు. ఆ నాన్న అంగారకుడికి ఫోన్ చేస్తే జవాబు చేరడానికి నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో ఎంత హాస్యం, ఎంత దిగులు ఉన్నాయో పట్టుకోగల రచయిత తెలుగులోనే పుట్టాలి.

కొనేవాళ్లు లేరన్న మాటను పరీక్షించకుండానే నమ్మేశాం. సికింద్రాబాదులోని మంచి పుస్తకం లాంటి సంస్థ పిల్లల పుస్తకాలను తక్కువ ధరకు ఇస్తూ, ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాతో కలిసి రచనల పోటీలు కూడా నడిపింది. అదే పని ఒక మెట్టు పైన జరగాలి. బెంగళూరులోని తెలుగు సంఘాలు ఉగాది సభల్లో శాలువాలకు పెట్టే ఖర్చులో కొంత, పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల పాఠకుల కోసం రాసిన సైన్స్ ఫిక్షన్ నవలకు ఏటా ఒక బహుమతిగా పెట్టొచ్చు. న్యాయనిర్ణేతల్లో సగం మంది ఆ వయసు పిల్లలే ఉండాలి, ఎందుకంటే నీతి వాసనను వాళ్లు మనకన్నా ముందే పసిగడతారు. పత్రికలు ఆదివారం అనుబంధాల్లో ఒక పేజీ ఇలాంటి సీరియల్ నవలకు వదలొచ్చు. రాసేవాళ్లకు రెండే షరతులు చాలు. శాస్త్రం తప్పు కాకూడదు, చివరి అధ్యాయంలో తాతయ్య వచ్చి బుద్ధి చెప్పకూడదు. మొదటి నాలుగైదు పుస్తకాలు బాగా రాకపోవచ్చు, అయినా ఆ బహుమతి ఆపకూడదు. ‘ఫీడ్’ లాంటి నవల వచ్చింది దానికి ముందు టీనేజి పుస్తకాలను దశాబ్దాలుగా అచ్చువేసి, అమ్మి, బడుల్లో చదివించిన దేశంలో. మనం ఆ పని ఇంకా మొదలుపెట్టనే లేదు, అందుకే పాఠకులు లేరని తీర్పు చెప్పే హక్కు కూడా మనకు ఇంకా రాలేదు.